రోడ్డంచున ఆవిడ

తెర మీద బస్సు అడ్డం తొలగగానే ఆయన వేలు మీట మీదికి వెళ్ళింది. చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి రోడ్డంచుకు వచ్చాడు: ఒక నొక్కు. సందు చూసుకుని ఇవతలికి చేరాడు: ఇంకో నొక్కు. రెండు నొక్కుల మధ్య కాలం ఆ మనిషి ఎదురుచూపు. సిగ్నలు లేని ఆ కూడలిలో జనం రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడాల్సి వస్తోందో విశ్వవిద్యాలయంలోని రవాణా ప్రణాళిక విభాగం వాళ్ళు తేలుస్తున్నారు.

విభాగంలో ఆయన్ని అందరూ స్తంభం బాబాయి అంటారు. కెమెరా బిగించిన స్తంభాల కింద కుర్చీ వేసుకుని కాపలా కాయడంలోనే ఆయన జీవితం గడిచిపోయింది. మెడ ఎండకు మాడి ముడతలు పడింది. ఎడమ చెవికి హారన్ల మోత తప్ప మరేదీ సరిగా ఎక్కదు. మోకాళ్ళు మొరాయించాక, తాను కాపలా కాసిన చిత్రాలనే గదిలో కూర్చుని చూడమన్నారు.

పెట్టెలు వేసుకున్న ఆటో ఒకటి వెళ్ళిపోయింది.

ఆటో వెనక నుంచి ఆవిడ వచ్చి అంచున నిలబడింది. గోరంత ముఖం. పోల్చుకోవడానికి ఆయనకు ముఖంతో పని లేదు. క్యారేజీని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకునే తీరు చాలు.

ఒక నొక్కు. చిత్రాన్ని అక్కడితో ఆపి, ఎప్పటిలాగే ఆవిడ రోడ్డు దాటే ముక్కను చూడకుండా వదిలేసి, తర్వాతి మనిషి దగ్గర మొదలుపెట్టాడు.

ఆవిడ ఆయన భార్య. ఆ చిత్రం తీసిన తర్వాత వచ్చిన చలికాలంలో జ్వరంతో పడుకుని మళ్ళీ లేవలేదు. ఇంట్లో వంటగది వైపు చూడాలంటే ఆయనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరో నిలబడి, చేయి మార్చుకుంటున్నట్టు క్యారేజీ పిడి కిర్రుమంటుంది. కానీ ఇక్కడ, ఈ తెర మీద, ఆవిడ ఉంది. రోడ్డు దాటిందా, స్తంభం కిందికి వచ్చేస్తుంది. స్తంభం కిందున్న వాళ్ళు కెమెరాకు కనబడరు.

"బాబాయ్, మళ్ళీ అదే!" అంది పక్క బల్ల దగ్గర కూర్చున్న పరిశోధక విద్యార్థిని. ప్రతి చిత్రాన్నీ ఇద్దరు విడివిడిగా లెక్కించాలి, రెండూ కలవాలి. "మీ లెక్కలో ఒకావిడ వచ్చింది గానీ దాటలేదు."

"చత్వారం అమ్మాయ్. కనబడలేదు."

"మీ చత్వారం ఆవిడొక్కదాని మీదే పగబట్టిందా?" నవ్వి, గొంతు తగ్గించింది. "సాయంత్రం చిత్రాలన్నీ చెరిపేస్తారు బాబాయ్. జనం ముఖాలున్నాయి కదా, ఉంచకూడదు. లెక్క కలవకపోతే సారు దీన్ని పక్కన పడేస్తారు. అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డది ఆవిడే. ఆవిడే లేకపోతే అక్కడ సిగ్నలు కావాలని ఏ మొహంతో అడుగుతాం? అయినా ఆవిడను దాటనివ్వకుండా ఇన్నాళ్ళు ఎండలో నిలబెట్టేశారు. కాళ్ళు లాగవూ?"

ఆయన మధ్యాహ్నం క్యారేజీ విప్పి తిన్నాడు, కడిగి కిటికీ గట్టు మీద బోర్లించాడు. ఆవిడకూ మోకాళ్ళ నొప్పులే. ఆ రోజు ఆయనకు అన్నం తీసుకుని రొప్పుతూ వచ్చి, "ఆ స్తంభం ఎక్కడికీ పారిపోదు గానీ, ఒక్క అడుగు ఎదురొస్తే అరిగిపోతారా?" అని కసిరింది. అప్పుడాయన అటు తిరిగి తీగ బిగిస్తున్నాడు. ఆవిడ రోడ్డు దాటడం ఆ రోజూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆపిన చోట మొదలుపెట్టాడు.

ఆవిడ ఒక అడుగు వేసింది, వెనక్కి తగ్గింది. లారీ పోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ తగ్గింది. అప్పుడు, ఆగాల్సిన చోటు కాకపోయినా, ఒక బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి చేయి చాచి వెనక బళ్ళను ఆపాడు. తొందరేం లేదు, రమ్మన్నట్టు తలూపాడు. ఆవిడ కాలీడ్చుకుంటూ నడిచింది. సగం దారిలో అతని వైపు క్యారేజీ ఎత్తి చూపి నవ్వింది. ఆ సంగతి ఇంటికి వచ్చాక కూడా చెప్పలేదు, గడుసుది.

దగ్గరయ్యే కొద్దీ ముఖం పెద్దదైంది. స్తంభం కింద తీగ బిగిస్తున్న మనిషిని చూసింది. ఇంకా నవ్వుతూనే ఉంది. చివరి అడుగులో మాత్రం కసరాలని గుర్తొచ్చి, కనుబొమలు ముడేసుకుని, తెర అంచు దాటి ఆయన దగ్గరికి వచ్చేసింది.

ఖాళీ రోడ్డును కాసేపు చూశాడు. మీట నొక్కాడు.

"కలిసింది బాబాయ్!"

"ఆఁ. కలిసిందమ్మా."

సాయంత్రం చిత్రాలు చెరిపేశారు. ఆయన పంకా ఆపి, "వెళ్ళొస్తానమ్మాయ్" అని చెప్పి, ఉత్త చేతులూపుకుంటూ మెట్లు దిగాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత పొరుగింటివాళ్ళు కబురు చెప్పారు: వీధి వైపు కుర్చీ వేసుకుని, ఎవరికోసమో చూస్తున్నట్టు కూర్చుని, అలాగే పోయాడట.

విద్యార్థిని ఆయన కుర్చీని బల్ల కిందికి జరిపింది. కిటికీ గట్టు మీద, బోర్లించిన క్యారేజీ చుట్టూ కారిన నీరు ఆరిపోయి, గుండ్రంగా తెల్లటి గీత కట్టి ఉంది.