తుప్పు తలుపు

ఏవయ్యా కొత్తల్లుడూ, చేప ముక్క నోట్లో పడగానే కళ్లు మూసుకుంటావే, అది ఎక్కడ పెరిగిందో చెప్పు చూద్దాం! సముద్రంలోనా? బోల్తా పడ్డావు. పసితనమంతా మన కాలువలో గడిపి, ఒళ్లు చేశాకే అది సముద్రం మొహం చూస్తుంది. విను.

కాలువ సముద్రంలో కలిసే మూతి దగ్గర మా బావ ఇనుప చక్రం పట్టుకుని ఊగిపోతున్నాడు. మెడ నరాలు తాళ్లలా తేలాయి, ముక్కు ఎర్రబడింది. చక్రం మాత్రం కదల్లేదు. కదిలేలా తిప్పితే గదా! ఆ మూలుగంతా నటన.

ఒడ్డున రోడ్డు వేసి, వెనక మడుగులు పూడ్చి ప్లాట్లు చేసినప్పుడు, ఉప్పునీరు వాటి మీదికి రాకుండా కాలువకి అడ్డంగా, చక్రం తిప్పి దించే ఈ ఇనుప తలుపు పెట్టారు. పోటు రాగానే పూర్తిగా దించెయ్యడం బావ ఉద్యోగం. దించిన ఏడాది పిల్లచేపలు లోపలికి రాలేకపోయాయి. అవే లేకపోతే వాటిని మింగే పెద్దవాటికి ఇక్కడేం పని? వలలు తడవడం, ఎండడం, అంతే. చేపలమ్మే మా అక్క ఖాళీ గంప బోర్లించి, దాని మీద కూర్చుని మొగుడి వంక చూసింది. తిట్టలేదు. మా అక్క తిట్టలేదంటే కొంప మునిగినట్టే.

మర్నాటి నుంచి తలుపుకి తుప్పు పట్టింది. మూరెడు సందు మిగిల్చి ఆగిపోయేది. అంత సందుకి ప్లాట్లు తడవవు, పిల్లచేపలు దూరతాయి. బయటపడితే మాత్రం ఉద్యోగం ఊడుతుంది.

ఇవాళ్టితో అతనికి రిటైర్మెంటు. రేపొచ్చేవాడి చేతులు రోకళ్లలా ఉన్నాయి. ఒక్క తిప్పుకి తలుపు దిగిపోతుంది. సందులోంచి జారిపోతున్న పిల్లచేపల్ని బావ వంగి వంగి చూసుకుంటున్నాడు. బయట పెద్ద చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. వలలవాళ్లు ఈలలు వేస్తున్నారు. నిండిన గంప ఎత్తలేక మా అక్క అందరినీ తిడుతోంది.

జీపు దిగి ఇంజినీరు వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఇవాళైనా దిగుతుందా?"

"మహా మొండిది సార్. కొత్తాయన్ని చెయ్యి పెట్టనివ్వకండి, భుజం జారిపోతుంది."

"అతనికి పొద్దున్నే నేర్పించానులే. మూలగడం బాగానే వచ్చింది."

బావ చక్రం వదిలేశాడు.

"తుప్పు నిజమైతే ఇన్నేళ్లలో ఒక్కసారైనా గ్రీజు అడగవూ?" ఇంజినీరు నవ్వాడు. "మా ఆవిడ చేపలు కొనేది మీ ఆవిడ దగ్గరేనయ్యా. ఆ గంప ఖాళీ అయితే నా కంచం ఖాళీ!"

జీపులోంచి గ్రీజు డబ్బా తీసి చక్రం పక్కన పెట్టాడు. అడిగితే ఇద్దామని మొదటి ఏడాదే తెప్పించాడట.

బావ భుజాన తువ్వాలు వేసుకుని, గంప ఎత్తడానికి వెళ్లిపోయాడు.

డబ్బా అక్కడే ఉండిపోయింది, మూత తియ్యకుండా. ఆ గట్టు మీద నిజంగా తుప్పు పట్టింది అదొక్కటే.