తొమ్మిదో వరుస

గల్ఫ్‌లో, అల్ అమెరాత్ అనే ఊళ్లో కొత్తగా కట్టిన ఇల్లు. ముంగిట్లో తలుపు పక్క గోడకు టైల్స్ పట్టీ వేస్తున్నాను. నాతో పాటు సిమెంటు మాల్ కలిపే పోచన్న ఒక్కడే ఉన్నాడు. ఇంటావిడను ఇక్కడ అందరం మామా అంటాం. ఆమె అడిగింది చిన్న సంగతే. నీలం టైల్ రెండు రకాలు: చిన్నది, దానికి సరిగ్గా రెండింతల పొడుగుది. ఒక్కో వరుస వెడల్పు ఐదు చిన్న టైల్స్. అట్లా పది వరుసలు. ఏ వరుసా ఇంకో వరుసలాగా ఉండకూడదు.

ఎనిమిది వరుసలు గోడకెక్కాయి. తొమ్మిదోది రావడం లేదు. నేల మీద ఎట్లా పరిచి చూసినా గోడ మీదున్నదే మళ్లీ వస్తోంది.

ఫోర్‌మన్ జహీరుద్దీన్‌ది నిజామాబాద్. వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం భూమేశ్, టైల్స్ తోటి పత్తాలాడుతున్నవా?"

"తొమ్మిదోది వస్తలేదు భాయ్."

"రాకపోవుడేంది? మామా సాయంత్రం వస్తది. ఒక్క వరుస డబుల్ అయినా వేరే టీముకిస్త అన్నది. అప్పుడు నువ్వు మళ్ల ఎండల షట్టరింగు చెక్కలు కొట్టుడుకే. నా చేతుల ఏం లేదు."

ఎండకు నేను భయపడను. నేర్చుకున్న పని పోతే బాధ. అది ఎందుకు పోతోందో తెలియకపోతే ఇంకా బాధ.

జహీరుద్దీన్ భార్య తయ్యబా ఇక్కడే వాడి కబీర్ అనే పేటలో లెక్కల ట్యూషన్లు చెబుతుంది. ఆయన ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆమె విని నవ్వింది.

"ఇంక రావు. ఐదుకు ఎనిమిదే. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది. వెనక రెండూ కలిపితే ముందుది. ఇటలీల ఫిబొనాచీ అనేటాయన ఎనిమిది వందల ఏండ్ల కింద కుందేళ్ల జతల మీద ఈ లెక్క రాసిండు."

"మాయి కుందేళ్లు గావమ్మా, టైల్సు," అన్నాడు పోచన్న.

"ఆయన కంటే ముందే గుజరాత్‌ల హేమచంద్రుడని ఉండె. పద్యాల కోసం గురువులను లెక్కబెట్టిండట."

"టీచర్లను లెక్కబెడితే పద్యమెట్లొస్తది?" అన్నాడు జహీరుద్దీన్. "హాజరు తీస్కున్నడా?"

"గురు, లఘు అని రాసుంది. మనది ఉర్దూ మీడియం, అంతకన్నా నాకూ తెల్వదు."

నాకు మా తెలుగు సారు గుర్తొచ్చారు. పద్యం చెబుతూ చిటికెలు వేసేవారు. లఘువుకు ఒక చిటికె, గురువుకు రెండు. తప్పితే చెవి ఎర్రబడేది.

"ఆ గురువు పంతులు గాదు భాయ్. పొడుగు అక్షరం."

చిన్న టైల్ మీద వేలు పెట్టి ఒక చిటికె వేశాను. పెద్దదాని మీద రెండు.

జహీరుద్దీన్ గోడ వంక చూశాడు. "అంటే ఇది పద్యమా? మంచిదే. మామాకు పది గావాలె. పద్యం చదివితే ఊకుంటదా?"

"ఆరుకు పెంచుండ్రి. పదమూడొస్తయి," అని తయ్యబా ఫోన్ పెట్టేసింది.

"ఆరంటే ఇవన్నీ పీకాలె," అన్నాడు పోచన్న. "పీకితే పగుల్తయి."

పట్టీకి కుడివైపు, తలుపు చట్రం దాకా, ఒక చిన్న టైల్ పట్టేంత ఖాళీ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. పదమూడంటే ఎనిమిదీ ఐదూ. ఆ ఎనిమిది ఎక్కడివి?

ఒక చిన్న టైల్ తీసి మొదటి వరుస చివర పెట్టాను. ఆరయింది. రెండోదాని చివరా పెట్టాను. వేరువేరు వరుసలకు ఒకటే తోక తగిలిస్తే అవి వేరువేరుగానే ఉంటాయి. పీకే పనే లేదు. కొత్త వరుసల చివర మాత్రం పెద్దది పడాలి. అప్పుడవి ఈ ఎనిమిదిలో దేనితోనూ కలవవు.

"మాల్ కలుపు," అన్నాను.

సాయంత్రం మామా వచ్చింది. ఒక్కో వరుస మీద వేలు జరుపుతూ పోయింది. చివర ఆగి హిందీలో అడిగింది, ఇక్కడన్నీ చిన్నవే ఎందుకని. జహీరుద్దీన్ నా వైపు చూశాడు. నేను కింది రెండు వరుసల చివర పెద్దవి చూపించాను. ఆమె మళ్లీ పై నుంచి మొదలుపెట్టింది.

"ఒక్కటీ కలవలేదు," అంది. "ఇంకా వస్తాయా?"

"మూడొస్తయి మామా."

"అవి వంటింటి గోడకు వెయ్యి. నువ్వే వెయ్యాలి."

జహీరుద్దీన్ రుమాలుతో మెడ తుడుచుకుని బండి వైపు నడిచాడు. పోచన్న గోడ ముందు నిలబడి చిటికెలు వేస్తున్నాడు. నాలుగో వరుసలో తప్పాడు.

"అది పొడుగుది," అన్నాను.