గుడి మెట్ల దాకా నీళ్లు

దగ్గరికి రావే స్నేహలతా, ఇంకా దగ్గరికి. మంచం మీద చోటుంది. నాలుగిళ్లకు వినపడేలా మాట్లాడే మామ్మ ఇవాళ గొంతు తగ్గించిందేమిటని చూడకు. ఇది మీ అక్క పెర్సిస్ సంగతి. అంతకంటే, నేను చేసిన పని సంగతి.

రెండు వేల ఆరులో నువ్వు తాడేపల్లిగూడెం హాస్టల్లో ఉన్నావు. మీ అక్క మన ఊరి బడిలో విద్యా వాలంటీరు. బీఈడీ సీటు రాక నెలల తరబడి ఏడ్చిన పిల్ల ఆ బడిలో అడుగుపెట్టాకే మళ్లీ నవ్వింది. బడి గోడకు రోడ్డువైపు ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద 'రోజుకో సంగతి' అని పేరు పెట్టి, పొద్దున్నే ఒక ముక్క రాసేది. ఏలూరును హేలాపురి అనేవారని ఒకనాడు, పెదవేగి ఒకప్పుడు రాజధాని అని ఇంకోనాడు. పిల్లలు దాన్ని నోట్సులో ఎక్కించుకుని, ఇంటికెళ్లి పెద్దవాళ్లకు చెప్పాలి. వలలు బాగుచేసుకునే మగవాళ్లు కూడా "ఇయ్యాల పంతులమ్మ ఏం రాసిందే?" అని పిల్లల్ని అడిగేవారు. నా చదువు రెండో తరగతి. అయినా కూడబలుక్కుని చదివి, ఇంటికొచ్చి దానికి నావి రెండు కలిపి చెప్పేదాన్ని.

మార్చి నెలకు అక్క దగ్గరున్న పుస్తకం అయిపోయింది.

"మామ్మా, రేపటికేమీ లేదు. పాతకాలం సంగతి ఒకటి చెప్పవా?" అంది బియ్యం ఏరుతూ.

అడగడమే ఆలస్యం. నా పెళ్లినాటి సంగతి చెప్పాను. పెంటపాడు నుంచి ఏలూరు దాకా బస్సులో వచ్చి, అక్కడ పడవెక్కి, ఊరు కనపడ్డాక తాటిదోనెలోకి మారి, తిన్నగా మన చర్చి గుడి మూడో మెట్టు మీద కాలు పెట్టాను. చీర అంచు తడిస్తే మీ తాతయ్య నవ్వాడు. ఆ తర్వాతెప్పుడో మెట్ల ముందు తవ్విన సొసైటీ చేపల చెరువు అప్పుడెక్కడిది? అంతా కొల్లేరే.

అక్క మర్నాడు బల్ల మీద రాసేసింది: 'ఒకప్పుడు మన చర్చి మెట్ల దాకా కొల్లేటి నీళ్లు ఉండేవి. పెళ్లికూతుళ్లు దోనె దిగి నేరుగా గుడిలోకి నడిచేవారు.'

అయిదో కాంటూరు లోపల, అంటే సర్కారు గీసిన కొల్లేటి హద్దులో ఉన్న చేపల చెరువులన్నీ కొట్టేస్తారని ఆ నెలలోనే సర్వేవాళ్లు ఊరూరా తిరుగుతున్నారు. మన సొసైటీ చెరువు మీద నలభై కొంపలు బతుకుతున్నాయి. అది తరతరాలుగా వరి పండిన నేల, ఎన్నడూ సరస్సు కాదని ఊరంతా సంతకాలు చేసి అర్జీ పెట్టింది. నేనూ చేశాను. అందులో ఏం రాశారో చదవమని అడగలేదు.

సాయంత్రం మా మరిది ఎలీయాజరు నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సొసైటీకీ, బడి కమిటీకీ అతనే పెద్ద.

"ఏంటొదినా ఇది? మా మనవరాలు అన్నం తింటా చెప్తంది, గుడి మెట్ల దాకా నీళ్లంట!"

"ఉండేవి గదయ్యా! ఆ మెట్ల మీంచి దూకే గదా నువ్వు ఈత నేర్చుకుంది, ఒంటి మీద లాగూ కూడా లేకుండా."

వెనకున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

"ఉంటే ఉన్నాయిలే. రోడ్డు మీదకి కనపడేలా రాయాలా? రేపో మాపో సర్వే జీపు వచ్చి ఆగేది బడి ముందే."

అక్క లోపల్నుంచి వచ్చింది. "తుడిచేస్తానండి చిన్నతాతయ్యా."

"తుడిస్తే సరిపోద్దా అమ్మా? పిల్లలందరి నోట్సుల్లో ఉంది. అది తప్పని నువ్వే రాయాలి. లేపోతే ఆదివారం కమిటీలో నిన్ను తీసేయమంటన్నారు. నేనొక్కణ్ణీ ఆపలేను."

"తీసేయమనండి. నిజాన్ని తప్పని నేనెలా రాయనండీ?"

ఆ మాట అని లోపలికి వెళ్లి, దిద్దాల్సిన పిల్లల నోట్సులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కటీ తెరవలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, కమిటీ కూర్చోకముందే నేను లేచి నిలబడ్డాను.

"నేను దోనె దిగింది ఈ ఊళ్లో కాదండీ, మా పిన్నిగారి ఊళ్లో. ముసల్దాన్ని గదా, కలగలిపేశాను. పిల్ల నా మాట నమ్మి రాసిందండీ, దాని తప్పేం లేదు."

నాలాగే దోనెల్లో కాపురానికొచ్చిన ఆడవాళ్లు ఇంకా ముగ్గురున్నారు అక్కడ. ముగ్గురూ చాప వైపే చూస్తూ కూర్చున్నారు. "పెద్దావిడే చెప్పింది గదండీ, ఇంక వదిలేయండి" అన్నాడు ఎలీయాజరు, నా కళ్లలోకి చూడకుండా.

ఇంటికి నడుస్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మామ్మా, నిజంగా మర్చిపోయావా? నా కోసం అన్నావా?"

నీ కోసమే అంటే ఆ సాయంత్రమే ఉద్యోగం మానేసేది. నాకు తెలుసు దాని సంగతి. "మర్చిపోయానే" అన్నాను.

సోమవారం బల్ల మీద తప్పు దిద్దింది. పిల్లలు నోట్సుల్లో ఆ రెండు వాక్యాలూ కొట్టేశారు. ఆ తర్వాత పొక్లెయిన్లు రానే వచ్చాయి, చెరువు గట్టు తెంపేశాయి. సర్వేవాళ్ల దగ్గర వాళ్ల మ్యాపులున్నాయి. మన బల్ల ఎవరూ చూడలేదు.

చెరువు పోయినందుకు అందరితో పాటు ఏడ్చాను. కానీ అక్క మళ్లీ నన్నేమీ అడగలేదు, అది వేరే ఏడుపు. నేనేదైనా మొదలుపెడితే "సర్లే మామ్మా" అనేది మెత్తగా. ఎప్పుడైనా నా మాట రాయాలంటే, ముందు ఎలీయాజరు దగ్గరికి వెళ్లి, అవునా కాదా అని కనుక్కుని రాసేది. ఎలీయాజరు దగ్గరికి!

ఇప్పుడు తణుకులో పాఠాలు చెబుతోంది గదా. అక్కడి పిల్లలతో అంటుందట: "పెద్దవాళ్లు చెప్పింది సరిచూసుకుని రాయండి, మా మామ్మే ఒకసారి పొరబడింది" అని. నవ్వుతూ నాతోనే చెప్పింది మొన్న. నేనూ నవ్వాను. ఇంకేం చెయ్యను?

నేను చెబితే ఇప్పుడు నమ్మదు. నీ మాట వింటుంది. నేను పొరబడలేదని చెప్పు స్నేహా, అబద్ధమాడానని చెప్పు. నీళ్లు మెట్ల దాకా ఉండేవని చెప్పు. నేను ఉన్నా పోయినా నువ్వు మర్చిపోకుండా, రేపు నీ కడుపున పుట్టినవాళ్లకు కూడా చెప్పు.