బొమ్మపిల్లి పొట్టలోంచి

వోల్గా నది ఒడ్డునున్న మఠం చూడటానికి గవర్నరుగారు వస్తున్నారని, దారి పొడుగునా ఉన్న పాత కొయ్య ఇళ్ళకు మునిసిపాలిటీవాళ్ళు బొమ్మలు అచ్చేసిన గుడ్డలు కప్పేశారు. గుడ్డ మీద నిగనిగలాడే కొత్త ఇల్లు, కిటికీలో పూలకుండీ, పక్కనే పిల్లి. ఆ గుడ్డ వెనక అసలు ఇంట్లో ముసలి కాపిటొలీనా పట్టపగలే దీపం వేసుకుని కూర్చుంది. పైకప్పు కారుతోందని ఆరేళ్ళుగా గవర్నరు కచేరీ చుట్టూ తిరిగినా తొంగిచూడనివాళ్ళు, గుడ్డ పట్టుకుని మాత్రం పొద్దున్నే ఊడిపడ్డారు.

బయట యాత్రికులకు ఊరు చూపించే అమ్మాయి గొంతు వినిపించింది. “నూటయాభై ఏళ్ళనాటి ఇల్లండీ. ఇప్పుడిందులో ఎవరూ ఉండటం లేదు.”

కాపిటొలీనాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీ తెరిచి, కత్తెరతో గుడ్డను నిలువునా చీల్చి, బొమ్మపిల్లి పొట్టలోంచి తల బయటపెట్టింది.

“ఎవరూ లేరా? మరి నేనెవర్తినే? దయ్యాన్నా?”

“అయ్యో బామ్మా, గవర్నరుగారి కారు వచ్చేస్తోంది! కాస్త తల లోపల పెట్టుకో, నీకు పుణ్యముంటుంది” అని బతిమాలింది ఆ అమ్మాయి.

“ఆరేళ్ళు ఆయన గుమ్మం ముందు పడిగాపులు కాశాను. ఇవాళ ఆయనే నా గుమ్మం ముందుకొస్తుంటే దాక్కోవాలా?”

కాపిటొలీనా రాత్రి వానకు తడిసిన దిండు తెచ్చి కిటికీ గట్టు మీద వేసుకుంది. దాని మీద మోచేతులాన్చి, కారు కోసం తీరిగ్గా ఎదురుచూసింది.