ఐసక్క చెప్పని మాట

రబ్బరు తొడుగు వేలులో నీళ్ళు పోసి గడ్డకట్టించిన మంచుముక్కను రోగి పక్కటెముకల మీద ఆనించి, "చల్లగా ఉందా?" అని అడిగింది ఐసక్క.

"ఏదో తగులుతోందక్కా. చల్లదనం మాత్రం తెలీట్లేదు."

ఇంకాస్త కిందికి జరిపింది. "ఇక్కడ?"

"అబ్బో, చలి!"

మందు ఎక్కడిదాకా పట్టిందో తేలిపోయింది. కాగితం మీద రాసుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇదే. ఇప్పుడు ఛాతీ పెద్దగా కోయకుండా మూడు చిన్న కంతల్లోంచే ఆపరేషన్ చేసేస్తున్నారు. కంతలు చిన్నవే, నొప్పి చిన్నదా? ఊపిరి పీల్చినప్పుడల్లా ప్రాణం తోడేస్తుంది. అందుకే మత్తు డాక్టరు వీపులో నరాల పక్కకు సన్నటి గొట్టం దూర్చి మందు ఎక్కిస్తాడు. అది పనిచేస్తోందో లేదో చూసేది ఐసక్క. ఈ ఐసుముక్కల వల్లే అందరికీ ఐసక్క అయింది; అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా కనపడదు. ఇంట్లో మొగుడు కూడా, "ఆ చేతులు తగిలించకే, చచ్చిపోతున్నా!" అని దుప్పటి లాక్కుంటాడు.

ప్రతి రోగికీ చివర్లో ఒక మాట చెప్పడం ఆమెకు అలవాటు. "నొప్పి పోలేదు నాయనా, పడుకుంది. మందు దిగగానే లేస్తుంది. ఒళ్ళు దగ్గర పెట్టుకో." కొత్త నర్సులు ఆ మాటను ఆమె గొంతుతోనే అని కిసుక్కున నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, పోయేదేముంది అనుకునేది.

ఈ రోగి బస్తాలు మోసే కూలి. పక్కటెముకల వెనక గడ్డ తీసి రెండు రోజులైంది. పొద్దున్నే డాక్టరు ఆఖరి మోతాదు ఎక్కించి గొట్టం తీసేశాడు. ఆ మందు బలం సాయంత్రం ఆరింటిదాకా ఉంటుంది.

"అక్కా, నాలుగు నెలల తర్వాత రాత్రి ఈ పక్కకు తిరిగి పడుకున్నా," అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు. అంత మనిషి, దూలంలాంటి చేతులవాడు, చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు.

ఐసక్కకూ కళ్ళు చెమర్చాయి. చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చింది. ఆ నవ్వు మీద నీళ్ళు చల్లడానికి మనసొప్పలేదు. "ఇంకేం నొప్పి లేదులే, హాయిగా ఉండు," అనేసింది. మధ్యాహ్నం చెబుదాంలే, ఎక్కడికి పోతాడు గనక!

ఇంతలో ఆపరేషన్ గది నుంచి పిలుపు వచ్చింది. ఒకదాని వెనక ఒకటి మూడు కేసులు. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి వార్డుకు వచ్చేసరికి అయిదు కావస్తోంది. మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

"పన్నెండింటికే పంపించేశాం అక్కా," అన్నాడు చిన్న డాక్టరు. "సంచీ తనే పట్టుకుని చకచకా వెళ్ళిపోయాడు!"

ఐసక్క గబగబా ఫైలు తెరిచింది. ఫైల్లోని నంబరుకు ఫోన్ చేసింది. అతని భార్య ఎత్తింది.

"ఆయనా? సంచీ ఇంట్లో పడేసి గోదాముకెళ్ళిపోయాడమ్మా. ఇంక నొప్పి లేదని ఐసక్క చెప్పిందట కదా! మీరేనా తల్లీ? మీ చేతి చలవే అంతా."

"ఆయన ఫోను నంబరు ఇవ్వమ్మా."

"ఇదే ఆయన ఫోను. మర్చిపోయి వెళ్ళాడు."

"ఎవర్నైనా పంపించమ్మా. బస్తా ఎత్తొద్దని చెప్పు. ఇప్పుడే."

"ఏం, ఏమైందమ్మా?" అవతలి గొంతులో సంతోషం ఆగిపోయింది.

ఐసక్క అప్పుడు చెప్పింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట రోగికి కాక రోగి భార్యకు చెప్పింది. నొప్పి పోలేదనీ, ఆరింటికల్లా లేస్తుందనీ, పచ్చి గాయాల మీద బరువెత్తితే కుట్లు ఊడతాయనీ, నొప్పికి భయపడి ఊపిరి బిగబడితే ఊపిరితిత్తి మూసుకుపోతుందనీ చెప్పింది. చెబుతుండగానే చెప్పులు టపటపలాడిన చప్పుడు, ఆ వెంటనే ఫోను కట్టయింది. గోడ గడియారంలో అయిదుంపావు. గోదాము ఎంత దూరమో ఆమెకు తెలియదు. తప్పు తనదేనని మాత్రం తెలుసు.

వార్డు ఊడ్చే ఆయా వచ్చి కాగితం పొట్లం చేతిలో పెట్టింది. "ఆ బస్తాలాయన మీకిమ్మన్నాడక్కా. తనకెలాగూ నొప్పి లేదట, బాధపడేవాళ్ళెవరికైనా ఇమ్మన్నాడు."

పొట్లంలో డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రలు, పదికి పదీ, ఒక్కటీ చింపకుండా ఉన్నాయి.