ఫిడేలులో గిలక

మా నాన్న ఫిడేలును బ్యాండు కుర్రాళ్లు మార్చేశారని, వాళ్ల రికార్డు విన్న రోజే నాకు అనుమానం వచ్చింది.

క్రో హోలో అనే బ్యాండు కుర్రాళ్లు దాన్ని అరువడిగి పట్టుకెళ్లింది నిరుడు. మా కొండపాటలకు కొత్త దరువు కట్టి ఊరూరా వాయిస్తారు. బాంజో, మాండలిన్ ఉన్నాయి, పాత ఫిడేలే లేదన్నారు. దాని లోపల, ఊపితే గిలక్కాయలా మోగే గిలకపాము తోక ఉంది. నాదం పెరుగుతుందని ఇక్కడి ఫిడేలువాళ్లు అలా వేసుకుంటారు. మాది నాదం కోసం కాదు. నేను పాకే వయసులో నా మీదికి వచ్చిన పామును అమ్మ మొక్కజొన్న చేలో పారతో నరికింది. నాన్న దాని తోక కోసి ఫిడేల్లో వేసుకున్నాడు. ఆయన పాట ముగించి ఫిడేలు దించగానే లోపల గలగలమనేది. రికార్డులో ఆ చప్పుడే లేదు.

"ఊరికే అందర్నీ దొంగల్ని చెయ్యకే వెర్లీ," అంది మా చిన్నాన్న కూతురు డెల్సీ. "నీకు పాస్టరుగారి మీద కూడా అనుమానమే."

"అది ఇంకా పోలేదులే," అన్నాను.

శనివారం ఫైర్ స్టేషన్ హాల్లో వాళ్ల కచేరీ. చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె తిని ముందు వరసలో కూర్చున్నాను. బ్యాండు పెద్ద టోబిన్ బాగానే వాయించాడు, కాదనను. పాటయ్యాక మైకులో అన్నాడు:

"ఈ ఫిడేల్లో ఏముందో తెలుసా? ఓ తల్లి తన బిడ్డ కోసం చంపిన గిలకపాము తోక!"

జనం ఈలలు వేశారు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"ఏదీ, ఒక్కసారి ఊపు నాయనా. అందరూ వింటారు."

"తర్వాత చూద్దాంలే పెద్దమ్మా."

"ఊపవయ్యా, పెద్దావిడ అడుగుతోంది!" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఊపాడు. మైకులో ఏమీ వినపడలేదు.

వేదికెక్కి ఫిడేలు లాక్కున్నాను. నాన్న గడ్డం ఆనించిన చోట అరిగిన చెక్క అలాగే ఉంది. ఆయన జిగురు పెట్టి అతికించిన పగులూ ఉంది. మార్చలేదు. వాళ్లను దొంగలనుకున్నందుకు సిగ్గేసింది.

"మరి తోకేదీ?"

"రికార్డింగులో చప్పుడొస్తోందన్నారు స్టూడియోవాళ్లు, పెద్దమ్మా. తీసేశాం."

"తీసి?"

టోబిన్ తల దించుకున్నాడు. "అక్కడే... చెత్తబుట్టలో."

ఫిడేలు చంకన పెట్టుకుని దిగాను. డెల్సీ కారు దగ్గర నిలబడి ఉంది.

"ఏమే, మనదేనా?"

"మనదే," అన్నాను.

కారెక్కాక, ఏమీ వినపడదని తెలిసీ, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ ఊపాను.