మీటి చూసిన బొమ్మ

దర్జీ ఆవిడకు పిల్లల మీద ఉన్న మోజంతా కొన్నేళ్లుగా అద్దాల బీరువాలోకి చేరింది. అన్నీ పింగాణీ పిల్లలే. తల, మెడ, భుజాలు, అక్కడితో సరి. టోపీవాడు, రెండు జడల పిల్ల, దొంగ ఏడుపు ఏడ్చే బుడ్డోడు. "చేతుల్లేవు కాబట్టి అల్లరీ లేదు" అని బస్సు నడిపే మొగుడు వెక్కిరించేవాడు. ఆవిడా నవ్వేది గానీ, ఆ మాట ఎక్కడో గుచ్చుకునేది.

ఇప్పుడా ఇంట్లోకి చేతులూ కాళ్లూ ఉన్న పిల్ల వచ్చింది. పెంచుకోవడానికి తెచ్చుకున్న ఆరేళ్లది. అంతకుముందు ఎవరో తీసుకెళ్లి, "మాకు కుదరలేదు" అని మళ్లీ దింపేసి పోయారట. అందుకే కాబోలు, వచ్చి ఇన్నాళ్లయినా పిల్ల ఆవిణ్ణి ఏ వరసా పెట్టి పిలవలేదు. పలకరిస్తే తలూపడం, పెడితే తినడం, అంతే. అమ్మా అనిపించుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. అడిగి పిలిపించుకునే పిలుపు కాదుగా అది.

ఓ ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని పాత సామాన్ల కొట్టుకు వెళ్లింది. కొనేముందు బొమ్మను గోటితో మీటడం ఆవిడ అలవాటు. మంచి పింగాణీ టింగుమంటుంది. కంటికి కనబడని బీట ఉంటే టప్పుమంటుంది. ఆ రోజు నిద్రపోతున్న పాప బొమ్మ ఒకటి తెగ ముద్దొచ్చింది. మీటింది. టప్.

"లోపల బీటుంది. వద్దు, వెనక్కి పెట్టెయ్యండి" అంది కొట్టాయనతో. పక్కనున్న పిల్ల మొహం చూడలేదు.

మర్నాడు ఆవిడ మిషను మీద ఉండగా ముందుగదిలో భళ్లుమంది. వెళ్లి చూస్తే టోపీ ఒక మూల, టోపీవాడు ఒక మూల. అసలే ఆవిడ నోటికి హద్దు లేదు. "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను! చేతులు ఊరుకోవా నీకు?" అని అరిచేసి, చీపురు కోసం వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పిల్ల చెప్పులేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికే?"

పిల్ల తల ముందుకు వంచింది. "నన్నూ మీటి చూడండి. టప్పుమంటే నేనే వెళ్లిపోతా. మీరు దింపక్కర్లేదు."

చీపురు చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆవిడకు తెలియదు. అక్కడే చతికిలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"బుద్ధిలేనిదాన్ని తల్లీ. మనుషుల్ని ఎవరైనా మీటి తెచ్చుకుంటారా? నన్ను మీటితే నేనూ టప్పే. ఆ బస్సాయన్ని మీటితే ఏకంగా డొల్ల చప్పుడే."

పిల్ల నవ్వలేదు గానీ, చెప్పులు విప్పింది.

తెల్లారి కొట్టు తెరవకముందే ఇద్దరూ వెళ్లి నిలబడ్డారు.

"బీటుందని మీరే అన్నారు కదండీ?" అన్నాడు కొట్టాయన, పాప బొమ్మను కిందికి దించుతూ.

"ఉంటే ఉండనీండి. అది మా ఇంటికే రావాలి."

దారంతా పిల్లే మోసింది, రెండు చేతులా పొదివి పట్టుకుని. వీధి మలుపులో అలవాటు చొప్పున ఆవిడ వేలు బొమ్మ నుదుటి మీదకు వెళ్లింది. పిల్ల చటుక్కున బొమ్మను గుండెకు హత్తుకుంది.

"మీటకమ్మా" అంది. "నిద్రపోతోంది."